దీవులు మూతపడ్డాయి, డబ్బు ఎవరి దగ్గరుంది? బరంపురం డైవింగ్ ట్రిప్ రద్దు కేసు

2020 ఏప్రిల్ 11న బరంపురం నుంచి అండమాన్ బయలుదేరాల్సిన ఐదుగురి కేసు ఇది. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 డిసెంబరు దాకా హావ్‌లాక్ అని పిలిచిన దీవిలో, స్కూబా డైవింగ్‌లో తొలి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేసి 18వ తేదీకి తిరిగి రావాలన్నది వాళ్ల ప్లాన్. మార్చి 24 సాయంత్రం ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ అర్ధరాత్రి నుంచి దేశీయ విమానాలు ఆగిపోయాయి. మళ్లీ ఎగిరింది మే 25న. ట్రిప్ రద్దయిందనడంలో ఎవరికీ అనుమానం లేదు. రెండు లక్షల అరవై వేల రూపాయలు ఎవరి దగ్గర ఉండిపోయాయన్నదే గొడవ.

నేను ఈ ఊళ్లో వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు ఇవ్వడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇప్పుడెందుకంటే, కోవిడ్ పోయినా ట్రిప్‌లు రద్దవుతూనే ఉన్నాయి. తుపాను వచ్చినా, విమానాలు ఆగినా జనం అదే చోట ఇరుక్కుంటున్నారు. "ప్యాకేజీ డబ్బు" అని ఒకే ముద్దగా అడుగుతారు, "రాదు" అని ఒకే ముక్కలో జవాబు వింటారు. ఆ ముద్దను విడగొట్టి, ఏ రూపాయి ఎవరి చేతిలో ఉందో తేల్చకపోతే ఈ కేసులు ముందుకు కదలవు.

ఐదుగురిలో ఒకాయన డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఒకతను ఆయన తమ్ముడు, మందుల షాపు నడుపుతాడు. పర్లాకిమిడి నుంచి కొత్తగా పెళ్లయిన జంట ఉంది. ఐదో అతను గోపాల్‌పూర్‌లో పెరిగిన కుర్రాడు, బ్యాంకు ఉద్యోగి. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇతనిదీ అలాంటి ఇల్లే. మిగతావాళ్లకు అది సెలవుల సరదా. ఇతనికి మాత్రం తాతలు పైనుంచి చూసిన సముద్రాన్ని లోపలికి దిగి చూడాలన్న కోరిక. అందుకోసం ఏడాది పాటు జీతంలోంచి పక్కన పెట్టుకుంటూ వచ్చాడు.

జనవరిలో ఊళ్లోని ఓ ట్రావెల్ ఏజెంట్ దగ్గర తలకు 52,000 కట్టారు. బిల్లు మీద ఒకటే లైను: అండమాన్ డైవింగ్ ప్యాకేజీ, ఐదుగురు, 2,60,000. వెనకవైపు చిన్న అక్షరాల్లో షరతులు. ప్రయాణానికి 30 రోజుల లోపు రద్దు చేసుకుంటే ఏమీ తిరిగి ఇవ్వరని వాటిలో ఒకటి. బరంపురం నుంచి విశాఖకు రైలు టిక్కెట్లు వాళ్లే ఆన్‌లైన్‌లో తీసుకున్నారు. రైల్వే తానే రైళ్లు రద్దు చేసింది కాబట్టి ఆ డబ్బు అడగకుండానే ఖాతాలో పడింది. దాని సంగతి అంతే.

నా దగ్గరికి వచ్చింది 2020 సెప్టెంబరులో. అప్పటికి గంజాం జిల్లా ఎంత నలిగిపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సూరత్ నుంచి వేల మంది తిరిగొచ్చారు, జూన్, జులై నెలల్లో కేసులు పెరిగిపోయాయి, ఆస్పత్రి అంటేనే జనానికి టెన్షన్. ఏజెంట్‌తో లెక్చరర్ ఎన్నిసార్లు మాట్లాడినా అదే మాట.

"మాస్టారూ, నేనేమైనా దాచుకున్నానా? మీ డబ్బు ఎయిర్‌లైన్ దగ్గర, హోటళ్ల దగ్గర, డైవింగ్ వాళ్ల దగ్గర ఉంది. వాళ్లు ఇస్తే నేనిస్తాను."

"సరే నాయనా, ఎవరి దగ్గర ఎంతుందో కాగితం మీద రాసివ్వు" అని ఈయన అడగలేదు. ఆ ప్రశ్న మేం నోటీసులో అడిగాం. కేసు అక్కడి నుంచే మలుపు తిరిగింది.

దానికంటే ముందు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. రద్దు చేసింది ఎవరు? మార్చి 14న మందుల షాపు తమ్ముడు ఏజెంట్‌కు వాట్సాప్ పెట్టాడు: "అన్నా, పరిస్థితి చూస్తుంటే వెళ్లడం కుదిరేలా లేదు. క్యాన్సిల్ చేస్తే ఎంత పోతుంది?" కస్టమరే రద్దు చేసుకున్నాడు, కాబట్టి వెనకవైపు షరతు వర్తిస్తుందని ఏజెంట్ వాదన. నేను ఫోన్ తీసుకుని మొత్తం సంభాషణ చదివాను. దానికి ఏజెంట్ ఇచ్చిన జవాబు అక్కడే ఉంది: "తొందరపడకండి, ఇంకో వారం చూద్దాం." ఇటువైపు నుంచి "సరే అన్నా." అడిగింది ప్రశ్న, వచ్చింది సలహా, ఇద్దరూ ఒప్పుకున్నది ఆగుదామని. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి ఒప్పందం బతికే ఉంది. ఈ ఒక్క స్క్రీన్‌షాట్ లేకపోతే కేసు చాలా బలహీనపడేది. ఫోన్ మార్చినప్పుడు పాత చాట్లు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే క్లయింట్ వచ్చిన రోజే చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయించి, ఈమెయిల్‌లో పెట్టిస్తాను.

ఒప్పందం బతికి ఉండగా దాన్ని అమలు చేయడం చట్టరీత్యా అసాధ్యమైతే, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 56వ సెక్షన్ ప్రకారం అది చెల్లకుండా పోతుంది. అసాధ్యం అంటే భౌతికంగా కుదరకపోవడం ఒక్కటే కాదని, ఏ ఉద్దేశంతో ఒప్పందం చేసుకున్నారో దాని పునాదే పోతే చాలని సుప్రీంకోర్టు 1953లో సత్యబ్రత ఘోష్ కేసులో చెప్పింది. ఖర్చు పెరిగింది, ఇబ్బంది అయింది అన్నంత మాత్రాన సరిపోదని 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో చెప్పింది కూడా అదే కోర్టు. మన కేసు రెండో రకం కాదు. తొలి లాక్‌డౌన్ ఏప్రిల్ 14 దాకా, పొడిగింపు మే 3 దాకా. 11 నుంచి 18 దాకా వేసుకున్న ట్రిప్ మొత్తం ఆ రెండింటి లోపలే పడింది. విమానం లేదు, ఓడ లేదు, ఇల్లు దాటడానికే వీల్లేదు. ఇక 65వ సెక్షన్: ఒప్పందం చెల్లకుండా పోయాక, దాని కింద లాభం పొందినవాళ్లు దాన్ని తిరిగి ఇవ్వాలి లేదా పరిహారం కట్టాలి. రద్దు షరతులు కస్టమర్ మనసు మార్చుకున్న సందర్భానికి రాసినవి. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయని సందర్భంలో వాటిని చూపించి మొత్తం డబ్బు మింగేయడం కుదరదన్నది మా వాదన.

నోటీసు ఏజెంట్‌తో పాటు రిసార్ట్‌కు, డైవింగ్ సెంటర్‌కు కూడా పంపాం. ఏ తేదీన ఎవరికి ఎంత పంపారు, రసీదు ఏది, వాళ్ల నుంచి ఎంత వెనక్కి వచ్చింది అని ఏజెంట్‌ను అడిగాం. వారం తిరక్కుండానే ఆయన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కూర్చుని లెక్క తీశాం. విమానాలకు 70,000. పోర్ట్‌బ్లెయిర్ హోటల్‌కు 20,000, స్వరాజ్ ద్వీప్ రిసార్ట్‌కు 40,000. ఫెర్రీకి 15,000. డైవింగ్ కోర్సుకు లక్ష. ఏజెంట్ సర్వీసు 15,000.

డైవింగ్ లక్షలో ఆయన సెంటర్‌కు పంపింది యాభై వేలే, అడ్వాన్సుగా. మిగతా యాభై వేలు అక్కడికి చేరాక కట్టాల్సినవి. అవి ఈ ఆరు నెలలూ ఏజెంట్ ఖాతాలోనే ఉన్నాయి. ఫెర్రీ డబ్బు మే నెలలోనే ఆయన పోర్టల్ వాలెట్‌లోకి పూర్తిగా వచ్చేసింది. పోర్ట్‌బ్లెయిర్ హోటల్ కూడా ఇచ్చేసింది. అంటే ఎవరినీ అడగకుండా, ఆ రోజే తిరిగి ఇవ్వగలిగిన డబ్బు ఎనభై అయిదు వేలు ఆయన చేతిలోనే ఉంది.

ఆయన్ను మోసగాడని నేను అనను. షట్టర్ మూసి ఉన్నా అద్దె ఆగలేదు, ఇద్దరు కుర్రాళ్లకు సగం జీతమైనా ఇస్తూ వచ్చాడు. వచ్చిన డబ్బు వచ్చినట్టు ఆ గుంటల్లోకే పోయింది. కానీ ఎవరి కష్టం వాళ్లది. ఒకరి కష్టాన్ని ఇంకొకరి అడ్వాన్సుతో తీర్చడం న్యాయం కాదు, అందులోనూ చెప్పకుండా. ఆ మాట నేను ఆయన ముఖం మీదే చెప్పాను. ఆయన కాదనలేదు. ఎనభై అయిదు వేలకు రాబోయే తేదీలు వేసి నాలుగు చెక్కులు రాయించాం. అన్నీ పాసయ్యాయి. జీఎస్టీ సంగతి కూడా అప్పుడే చెప్పాను: అడ్వాన్సు తీసుకుని సేవ అందించనప్పుడు రిఫండ్ వోచర్ ఇవ్వొచ్చు, బిల్లు చేసేసి ఉంటే ఆ మొత్తాన్ని తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇవ్వొచ్చు. పన్ను కట్టేశాను కాబట్టి ఆ భాగం ఇవ్వలేననడానికి లేదు.

విమానాల డబ్బుది వేరే కథ. 2020 ఏప్రిల్ 16న పౌర విమానయాన శాఖ ఇచ్చిన ఉత్తర్వు లాక్‌డౌన్ రోజుల్లో బుక్ చేసుకున్నవాళ్లకే పూర్తి రిఫండ్ అంది. జనవరిలో కొన్న మావాళ్లు అందులోకి రారు. వాళ్లకు ఎయిర్‌లైన్ క్రెడిట్ షెల్ ఇచ్చింది, అంటే ఆ డబ్బుతో మళ్లీ అక్కడే టిక్కెట్ కొనుక్కోవాలి. 2020 అక్టోబరు 1న ప్రవాసీ లీగల్ సెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక లెక్క మారింది. మే 24 లోపు ప్రయాణాలకు ముందే కొన్న టిక్కెట్లకూ రిఫండ్ ఇవ్వాలి. ఇవ్వలేని ఆర్థిక స్థితిలో ఎయిర్‌లైన్ ఉంటే 2021 మార్చి 31 దాకా క్రెడిట్ షెల్ ఇవ్వొచ్చు. దాని విలువ 2020 జూన్ 30 దాకా నెలకు 0.5 శాతం, ఆ తర్వాత నెలకు 0.75 శాతం పెరగాలి. వేరేవాళ్లకు బదిలీ చేసుకోవచ్చు. గడువులోగా వాడకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది తప్పిపోయే చోటు ఒకటుంది. టిక్కెట్ ఏజెంట్ ద్వారా కొంటే డబ్బు వచ్చేది ప్రయాణికుడి ఖాతాలోకి కాదు, ఏజెంట్ ఖాతాలోకి. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే "ఇచ్చేశాం" అంటారు, ఏజెంట్‌ను అడిగితే "రాలేదు" అంటాడు. ఇద్దరి మధ్య ఇంకో పెద్ద బుకింగ్ పోర్టల్ ఉంటే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. అందుకని ప్రతి పీఎన్ఆర్‌కూ రిఫండ్ ఏ తేదీన, ఏ ఖాతాకు వెళ్లిందో ఎయిర్‌లైన్‌ను ఈమెయిల్‌లో అడిగాం. జవాబు రావడానికి టైం పట్టింది. కానీ అది చేతికొచ్చాక పోర్టల్‌తో ఏజెంటే గట్టిగా మాట్లాడాడు, 70,000 మొత్తం వచ్చాయి. టిక్కెట్‌తో పాటు కొన్న బీమా ఎందుకూ పనికిరాలేదు. ప్రయాణికుడికి జబ్బు చేస్తే రద్దు ఖర్చు ఇస్తుంది గానీ, ప్రభుత్వం విమానాలు ఆపితే ఇవ్వదని పాలసీలోనే ఉంది.

అసలు చర్చ జరిగింది డైవింగ్ సెంటర్‌తో. వాళ్ల షరతుల్లో "సముద్రం అనుకూలించకపోతే డైవ్ వేరే రోజుకు మారుస్తాం, డబ్బు తిరిగి ఇవ్వం" అని ఉంది. దాన్నే చూపించి, రెండేళ్లు చెల్లే వోచర్ ఇస్తాం, నగదు ఇవ్వం అన్నారు. నేను ఆ షరతును నాలుగుసార్లు చదివించుకుని విన్నాను, డైవింగ్ తెలిసినవాళ్లతో మాట్లాడాను. గాలి ఎక్కువై, నీళ్లు మసకబారి ఒక పూట పడవ వెళ్లకపోవడం డైవింగ్‌లో మామూలే. అలాంటప్పుడు మనిషి దీవిలోనే ఉంటాడు, మర్నాడు దిగుతాడు. ఆ షరతు పుట్టింది ఆ ఒక్క పూట కోసం. దీవులే మూతపడి, మనిషి బరంపురంలో ఇంట్లో కూర్చున్నప్పుడు దానికి ఇక్కడ పని లేదు. మొదటి ఉత్తరంలో ఇదే రాశాం.

రెండో ఉత్తరం గోపాల్‌పూర్ కుర్రాడి గురించి. జులైలో అతనికి కోవిడ్ వచ్చింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. బయటపడ్డాడు గానీ మెట్లెక్కితే ఆయాసం. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు, ముఖ్యంగా ఊపిరితిత్తుల దాకా వెళ్లినవాళ్లు, డాక్టరు పరీక్ష లేకుండా డైవ్ చేయకూడదని డైవింగ్ వైద్య నిపుణులు ఆ ఏడాదే సూచించారు. ఎందుకో తెలిస్తేగానీ వోచర్ ఎంత అన్యాయమో అర్థం కాదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు పరిమాణానికి ఉబ్బుతుంది. మామూలు ఊపిరితిత్తుల్లోంచి అది సాఫీగా బయటికి వెళ్లిపోతుంది. మచ్చలు పడిన చోట గాలి చిక్కుకుంటే ఊపిరితిత్తి చిట్లిపోవచ్చు, ప్రాణం పోవచ్చు. ఛాతీ డాక్టరు అతనికి డైవింగ్ వద్దని రాసిచ్చాడు, ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు. అలాంటి మనిషి చేతిలో రెండేళ్ల డైవింగ్ వోచర్ పెట్టడమంటే డబ్బు ఇవ్వకపోవడమే. ఈ కేసులో నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదొక్కటే. డాక్టరు కాగితం జతచేసి పంపాం.

సెంటర్ నడిపేవాళ్లు ఈసారి ఫోన్ చేశారు. పడవలు కట్టేసి ఉన్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు సొంతూళ్లకు వెళ్లిపోయారు, ఒక్కసారిగా ఇవ్వలేమన్నారు. నిజమే అనిపించింది. ఆ యాభై వేలలో ఆన్‌లైన్ పాఠాల కోడ్ ఖర్చు కూడా కలిసే ఉంది. కోడ్ తెరిచి చదవడం మొదలుపెట్టింది పర్లాకిమిడి జంట మాత్రమే, మిగతా ముగ్గురూ ముట్టుకోలేదు. వాడని కోడ్‌లను తర్వాత వచ్చే విద్యార్థులకు సర్దుకోగలమని వాళ్లే ఒప్పుకున్నారు. కాబట్టి ముగ్గురికి తలకు పదివేల చొప్పున ముప్పై వేలు రెండు విడతల్లో నగదుగా ఇచ్చారు. జంటకు ఎలాగూ వెళ్లాలని ఉంది. వాళ్లు ఇరవై వేలకు క్రెడిట్ తీసుకున్నారు.

ఆ క్రెడిట్ తీసుకున్న పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. సెంటర్ పంపిన వోచర్‌లో మొత్తం, గడువు తప్ప ఏమీ లేదు. దాన్ని వెనక్కి పంపి మేం రాసిన మాటలు దాదాపు ఇవి:

"ఇరవై వేల రూపాయలు ఇద్దరి ఓపెన్ వాటర్ కోర్సు అడ్వాన్సుగా మీ దగ్గర ఉన్నాయి. 2020 జనవరిలో ఒప్పుకున్న ధరే వర్తిస్తుంది, మిగతా ఇరవై వేలు అక్కడికి వచ్చాక కడతాం. 2022 మార్చి 31 లోపు మేం కోరిన తేదీల్లో కోర్సు జరపాలి. ఇద్దరిలో ఎవరికైనా వైద్యపరంగా డైవింగ్ కుదరకపోతే ఆ వాటా నగదుగా వెనక్కి ఇవ్వాలి. ప్రభుత్వ ఆంక్షల వల్ల మళ్లీ కుదరకపోతే మొత్తం వెనక్కి ఇవ్వాలి. వోచర్‌ను వేరేవాళ్లకు బదిలీ చేసుకునే హక్కు మాకుంది."

సెంటర్ ఒక్క మార్పే అడిగింది, కనీసం ఇరవై రోజుల ముందు తేదీలు చెప్పాలని. న్యాయమైన కోరికే, ఒప్పుకున్నాం. కోర్సులో సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి, పాఠాలు, ఈత కొలను సాధనతో కలిపి మూడు నాలుగు రోజులు పడుతుంది. వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల విరామం ఉండాలి. అంటే ఒక రాత్రి అదనంగా ఉండాల్సిందే. వోచర్ మీద తేదీలు ఎంచుకునే హక్కు సెంటర్‌కు ఉంటే, హోటలూ విమానమూ దాని చుట్టూ తిప్పుకోవాల్సి వస్తుంది, ఖర్చు మనకే పడుతుంది.

రిసార్ట్ చివరిదాకా మొండికేసింది. తక్కువ ధరకు ఇచ్చిన గదులు కాబట్టి రిఫండ్ ఉండదని బుకింగ్‌లోనే రాశామంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో అవతలివాళ్లు ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాలి. కొత్త చట్టంలో 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఉంటున్న చోటే వేయొచ్చు. అండమాన్ రిసార్ట్ మీద బరంపురంలోని గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంది, వాళ్లు ఇక్కడికి రావాలి. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. ఫిర్యాదు ముసాయిదా తయారుచేసి కాపీ పంపాక వాళ్ల స్వరం మారింది. ముప్పై వేలు ఇస్తామన్నారు.

పదివేలు వదిలేయమని సలహా ఇచ్చింది నేనే. చట్టం మా వైపే ఉంది, గెలిచేవాళ్లమనే నమ్మకం. కానీ తలకు రెండు వేల కోసం ఐదుగురు ఎన్ని వాయిదాలకు రావాలి? కుర్రాడికి మందుల ఖర్చు అప్పుడే ఉంది, డబ్బు అప్పుడే కావాలి. లెక్చరర్‌కు నచ్చలేదు. "తప్పు వాళ్లది కదా సార్, మనమెందుకు వదలాలి?" అన్నారు. తప్పు ఎవరిదీ కాకపోవడమే ఈ కేసని చెప్పాను. తమ్ముడు, బ్యాంకు కుర్రాడు ఒప్పుకున్నాక ఆయనా సరేనన్నారు.

ఏజెంట్ సర్వీసు 15,000లో పదివేలు ఇచ్చాడు. ఐదు వేలు ఉంచుకోవడం సబబే అనుకున్నాం. టిక్కెట్లు తీశాడు, దీవితో మాట్లాడాడు, పని చేసిన మాట వాస్తవం. మొత్తమ్మీద 2,60,000లో 2,25,000 నగదుగా, 20,000 క్రెడిట్‌గా వచ్చాయి. పదిహేను వేలు పోయాయి.

ఇలాంటి కేసులకు గడువు దాటిందని భయపడి మా దగ్గరికి రాకుండా ఆగిపోయినవాళ్లు ఉన్నారు. వినియోగదారుల కేసుకు రెండేళ్లు గడువు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని 2022 జనవరి 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రోజుల్లో ఈ సంగతి తెలిసి ఉంటే ఈ జిల్లాలో ఎంతోమంది తమ డబ్బు అడిగి ఉండేవారు. ఇప్పుడు రద్దయ్యే ట్రిప్‌లకు మాత్రం ఆ మినహాయింపు లేదు, రెండేళ్లంటే రెండేళ్లే. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసుకున్నా, అది కమిషన్‌లో కేసు వేసినట్టు కాదు, గడువు నడుస్తూనే ఉంటుంది.

పర్లాకిమిడి జంట 2021 డిసెంబరులో వెళ్లారు. సెంటర్‌లో కొత్తగా చేరిన మేనేజర్ ధరలు పెరిగాయని, తలకు ఇంకో నాలుగు వేలు కట్టాలని అన్నాడట. ఆవిడ ఫోన్‌లోంచి మా ఉత్తరం, దానికి సెంటర్ ఒప్పుకుంటూ ఇచ్చిన జవాబు చూపించింది. పాత ధరకే మిగతా ఇరవై వేలు కట్టించుకుని, మర్నాడు ఉదయం పడవ ఎక్కించారు.